నేసిన చేతులు, కట్టిన తలలు
(మన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరమూ ఈ వేదిక మీద మాకు చదువు గురించి మాట్లాడమని చెబుతారు. బడిపంతులుకు వేరే విషయం ఏముంటుందని కార్యదర్శిగారి నమ్మకం కాబోలు. ఈసారి మాత్రం చేనేత బట్ట గురించి మాట్లాడతామని మేమే అడిగి పుచ్చుకున్నాము. "మాస్టారూ, బట్టల కొట్టు పెడుతున్నారా?" అని ఒక మిత్రుడు నవ్వారు. కొట్టు పెట్టడం లేదు గాని, పెట్టెలో చాలా కాలంగా దాచిన ఒక మూట ఈ రోజు విప్పుతున్నాము. కొంచెం ఓపిక పట్టవలెను.

ముందు మాటలతో మొదలు పెడతాము, ఉర్దూ పంతుళ్లకు అది అలవాటు. రుమాల్ అనే మాట అందరూ వాడతారు. ఫారసీలో 'రూ' అంటే ముఖం, 'మాల్' అంటే తుడిచేది. మన తెలుగు రైతు తలకు చుట్టుకునే రుమాలు కూడా ఆ మాటే. భాష ఎక్కడిదో, తల ఎక్కడిదో చూడండి. బట్ట వెంట మాట ప్రయాణం చేసింది, మాట వెంట మనిషి వచ్చాడు.

రెండవ మాట మష్రూ. ఇది అరబీ. షరా, షరీయత్ అనే మాటలు పుట్టిన మూలం నుంచే ఇదీ వచ్చింది. మష్రూ అంటే షరాలో అనుమతి ఉన్నది అని అర్థం. ఒక బట్టకు ఇటువంటి పేరు ఎందుకు వచ్చింది? మన మతంలో పురుషులకు పట్టు కూడదు, స్త్రీలకు కూడును. అయితే నవాబుకూ జాగీర్దారుకూ పట్టు మెరుపు కావాలి. ఈ చిక్కును మగ్గం మీద కూర్చున్నవాడు విప్పాడు. పడుగు పట్టుది పెట్టాడు, పేక నూలుది పెట్టాడు. పట్టుపోగులు పై ముఖాన తేలేటట్లు, నూలుపోగులు అడుగున ఉండేటట్లు నేశాడు. చూసేవాళ్లకు పట్టు, ఒంటికి తగిలేది నూలు! ఆలిములు గ్రంథాలు తిరగేసే చోట నేతగాడు నాడె తిప్పి ఒక జవాబు చెప్పాడన్నమాట. ఈ సంగతి పిల్లలకు చెప్పినప్పుడు వాళ్లు నవ్వుతారు, తర్వాత ఆలోచిస్తారు. మీరూ అట్లాగే చేయండి.

మూడవది హిమ్రూ. నూలు పడుగు మీద పట్టుపోగులతో పువ్వులు ఎత్తే నేత ఇది. బంగారు జరీ కిన్‌ఖాబు కొనలేనివాళ్లకు దాని పోలికతో వచ్చిన బట్ట గనుక ఆ పేరు వచ్చిందంటారు. 1327 ప్రాంతంలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని దౌలతాబాదుకు మార్చినప్పుడు వచ్చిన పనివాళ్లతో ఈ విద్య దక్కనుకు వచ్చిందని ఔరంగాబాదువాళ్లు చెప్పుకుంటారు. హైదరాబాదు పెళ్లిళ్లలో హిమ్రూ షేర్వానీ ఒకప్పుడు పెళ్లికొడుకు గౌరవం. ఇప్పుడు పెళ్లికొడుకు షేర్వానీ అద్దెకు వస్తున్నది. ఒక్క రాత్రి కట్టి పొద్దున్నే తిరిగి ఇచ్చే బట్ట మీద ఎవరి చెయ్యి పడిందో ఎవరికి కావాలి?

హైదరాబాదులో ఈ విద్య అడుగంటిపోకుండా నిలబెట్టినవారు ఒక ముస్లిము స్త్రీ. సురయ్యా హసన్ బోస్ గారు. 1928లో పుట్టి 2021లో అల్లాహ్ రహమతుకు చేరారు. 'జై హింద్' నినాదం ఇచ్చిన ఆబిద్ హసన్ సఫ్రానీగారు ఆమెకు చిన్నాన్న వరస. సుభాష్ చంద్రబోసుగారి అన్న కొడుకును ఆమె వివాహమాడారు. ఇంత పెద్ద కుటుంబం పేరు చెప్పుకుని ఆమె హాయిగా ఇంట్లో కూర్చోవచ్చును. అట్లా కూర్చోలేదు. మగ్గాలు వేయించి, పాత ఉస్తాదుల విద్యను భర్త పోయిన ఆడవాళ్లకు నేర్పించారు. హిమ్రూ, మష్రూ వాళ్ల చేతుల మీదుగా మళ్లీ లేచాయి. పిల్లల కోసం పక్కనే బడి కూడా నడిపించారు. సంక్షేమం అనే మాట మన సంఘం పేరులో ఉన్నది గనుక ఈ సంగతి మీకు ప్రత్యేకంగా మనవి చేస్తున్నాము. ఆమె ఆ ఆడవాళ్లకు దానం ఇవ్వలేదు, పని ఇచ్చారు.

ఇక మన సీమకు వద్దాము. తేలియా రుమాల్ పేరు మన పెద్దవాళ్లు విని ఉంటారు. తేల్ అంటే నూనె. చీరాల మగ్గాల మీద పుట్టిన చదరపు బట్ట ఇది. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద, నూనె కలిపి ఆ నీళ్లలో నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్లీ నానబెడతారు. అప్పుడు గాని ఎరుపు రంగు పోగులోకి దిగదు. తరువాత పడుగునూ పేకనూ రెండింటినీ ముందే లెక్క ప్రకారం ముడులు కట్టి రంగు వేస్తారు. మగ్గం మీదకు వచ్చినప్పుడు పడుగులోని చుక్క పేకలోని చుక్క మీద సరిగ్గా కూర్చోవాలి. ఒక్క పోగు జరిగితే పువ్వు చెదిరిపోతుంది. ఎరుపు, నలుపు, తెలుపు - ఈ మూడే రంగులు. నూనె పట్టిన బట్ట గనుక ఎండలో తలకు చల్లగా ఉంటుందని పేరు.

ఈ రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు దేశాలకు, ఏడెన్‌కు, తూర్పు ఆఫ్రికాకు వెళ్లాయి. అక్కడివాళ్లు తలకు చుట్టుకున్నారు. ఇక్కడ గొల్లవాళ్లు, చేపలు పట్టేవాళ్లు భుజాన వేసుకున్నారు. నిజాం దర్బారు స్త్రీలు దుపట్టాగా వేసుకున్నారు. నేసినవాళ్లు ఎవరు? పద్మశాలీలు, దేవాంగులు. రంగు వేసేవాడు నమస్కారం పెట్టి పని మొదలు పెట్టాడు, చుట్టుకున్నవాడు సలాం చెప్పి తలకు కట్టాడు. ఆ రుమాలు మీద గళ్లు, నక్షత్రాలు, చుక్కలు ఎక్కువగా ఉండడానికి కారణం కొన్నవాళ్ల అభిరుచిని నేసినవాళ్లు గౌరవించడమే. పోనుపోను దాని మీద గడియారాలు, విమానాలు కూడా వచ్చాయి. సరదా మనుషులు!

ఈ విద్య తర్వాత నల్లగొండ ప్రాంతానికి, పుట్టపాకకు చేరింది. అక్కడి నేతగాళ్లు కాపాడారు. గజం గోవర్ధనగారికి 2011లో పద్మశ్రీ వచ్చింది. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పుట్టిన చీరాలలో మాత్రం ఆ పని దాదాపు ఆగిపోయింది.

ఇంతవరకు పాఠం చెప్పాము. ఇప్పుడు అసలు విషయం.

పోయిన సంవత్సరం మా ఆరవ తరగతిలో ఒక సంగతి జరిగింది. ఒక పిల్లవాడు పొద్దున్నే తండ్రికి సాయం చేసి నేరుగా బడికి వచ్చాడు. తండ్రి దూది ఏకే మిషను బండి మీద పెట్టుకుని వీధి వీధి తిరిగి పరుపులు, బొంతలు సరిచేస్తాడు. పిల్లవాడి జుట్టులో, చొక్కా మీద దూది పింజలు. వెనుక బెంచీ నుంచి ఎవడో ఒక మాట అన్నాడు. ఆ మాట మీ అందరికీ తెలుసు. తెలుగులో అది తిట్టు. 'పింజారి'. తరగతి అంతా నవ్వింది. ఆ పిల్లవాడు తల దించుకుని జుట్టులో దూది ఏరుకోవడం మొదలు పెట్టాడు.

అన్నవాడిని మేము బెంచీ మీద నిలబెట్టాము. తప్పు మాట అనకూడదని చెప్పాము. పాఠంలోకి వెళ్లిపోయాము. అది చాలదని ఆ రాత్రి మాకు తెలిసింది, నిద్ర పట్టలేదు. ఎందుకంటే, మా తాత దూదేకులవాడు.

అవును. చాలామంది ఆశ్చర్యంగా చూస్తున్నారు. మా అమ్మను కన్న తాత చీరాల దగ్గర పల్లెలో దూది ఏకి బతికాడు. ఆ ఇంట్లో ఉర్దూ లేదు, తెలుగే. తాత అని పిలిచాము, అమ్మమ్మ అని పిలిచాము. ఉర్దూ మేము బడిలో నేర్చుకున్నాము, బాగా నేర్చుకున్నాము, ఆ భాషకే ఉపాధ్యాయులమయ్యాము. నలుగురిలో మాత్రం 'మా నానా', 'మా నానీ' అంటూ వచ్చాము. సంబంధాలు మాట్లాడేటప్పుడు ఆ పల్లె పేరు రాకుండా జాగ్రత్త పడ్డాము. ఎవరూ అబద్ధం చెప్పమని అడగలేదు. మేమే చెప్పాము. ఈ వేదిక మీద ఎన్నో ఏళ్లుగా మాట్లాడుతున్నాము, ఒక్కసారి కూడా తాత పేరు ఎత్తలేదు.

మా తాత పెద్ద విల్లు భుజాన వేసుకుని వెళ్లేవాడు. నారి మీద కొయ్యతో కొడితే టంగ్ టంగ్ అని ఊరంతా వినిపించేది. గింజ తీసిన దూది మంచులాగా లేచి పడేది. ఏకిన దూది ఉంటేనే ఏకు ఉంది, ఏకు ఉంటేనే రాట్నం తిరిగింది, నూలు ఉంటేనే మగ్గం ఆడింది. దూదేకుల అనే పేరే పని పేరు. నూర్‌బాషా అనే పేరు కూడా నేత అనే అర్థం గల ఫారసీ మాట నూర్‌బాఫ్ నుంచి వచ్చిందని చెబుతారు. మరి సూఫీలలో ఎంతో ప్రసిద్ధికెక్కిన మన్సూర్ హల్లాజ్ పేరులో హల్లాజ్ అంటే ఏమిటి? అరబీలో దూది ఏకేవాడు అనే అర్థం! మజ్లిసుల్లో ఆ పేరు చెప్పి కళ్లు మూసుకుని తల ఊపుతాము. ఆ పేరే తెలుగులో చెబితే తిట్టు అవుతుందా? వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య దూదేకుల బిడ్డ అని తెలుగుదేశమంతా తెలుసు. కబీరు జులాహా, అంటే నేతగాడు. పని చేసుకున్నవాళ్లను పోయిన తర్వాత గౌరవించడం, బతికి ఉండగా పక్కన కూర్చోబెట్టకపోవడం మనకు అలవాటైపోయింది.

మా ఇంట్లో ఒక తేలియా రుమాలు ఉండేది. అమ్మ పుట్టక ముందు సంగతి. చీరాల నేతగాడు ఒకాయన కూతురి పెళ్లికి పరుపు కుట్టించుకున్నాడు. డబ్బుకు ఇబ్బంది. "తమ్ముడూ, ఇది ఉంచు" అని రుమాలు ఇచ్చాడు. తాత పండుగ నమాజుకు అదే చుట్టుకునేవాడు. మా అమ్మ నికాహ్ నాడు అదే చుట్టుకున్నాడట. ఆయన పోయినప్పుడు జనాజా మీద కప్పి, తీసి, అమ్మమ్మ చేతికి ఇచ్చారు.

మేము ఇంటరు చదివే రోజుల్లో సైకిలు తుడవడానికి ఒక పాత గుడ్డ కావలసి వచ్చింది. కొయ్య పెట్టెలో నూనె వాసన వేస్తున్న గుడ్డ దొరికింది. తుడిచాము. గొలుసు నల్లగ్రీజు అంతా దానికి పట్టింది. అమ్మమ్మ చూసింది. తిట్టలేదు. చేతిలోనుంచి తీసుకుని బావి దగ్గర కూర్చుని కుంకుడు పులుసుతో ఉతికింది. ఆరేస్తూ ఒక్క మాట అంది. "దాన్ని నేసినాయన మన ఇంటి పెళ్లిలో భోజనం చేసి వెళ్లాడురా." అంతే. గ్రీజు మరక ఒక మూల ఇప్పటికీ ఉంది. ఈ రోజు మేము భుజాన వేసుకుని వచ్చినది అదే. తర్వాత కావలసినవాళ్లు వచ్చి చూడవచ్చు. మరక కూడా చూడవచ్చు.

సహీహ్ బుఖారీలో సహల్ బిన్ సఅద్‌గారు చెప్పిన ఒక సంగతి ఉన్నది. ఒక స్త్రీ తన చేతులతో అంచు కట్టి నేసిన దుప్పటి ఒకటి ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారికి తెచ్చి ఇచ్చింది. వారికి అవసరం ఉన్నది, కట్టుకుని వచ్చారు. సహచరులలో ఒకాయన అది తనకు కావాలని అడిగారు, వారు ఇచ్చివేశారు. ఎందుకు అడిగావని మిగతావాళ్లు తప్పుపట్టారు. నా కఫన్ కోసం అడిగానని ఆయన చెప్పారు. అట్లాగే అది ఆయన కఫన్ అయ్యింది. ఈ సంగతిలో ఆ నేసిన తల్లి చేతిని మనం మరిచిపోకూడదు. మన దేశంలో 2019-20 చేనేత గణన ప్రకారం నేతపనివాళ్లలో నూటికి 72 మంది స్త్రీలు.

మన దేశ స్వాతంత్ర్య పోరాటంలో కూడా ఈ బట్ట ఉన్నది. ఖిలాఫత్ రోజుల్లో అలీ సోదరుల తల్లి బీ అమ్మా ఊరూరా తిరిగి ఖద్దరు కట్టమని చెప్పింది. హస్రత్ మోహానీగారు కవి, ఆయన స్వదేశీ బట్టల కొట్టు పెట్టారు. 1921 సెప్టెంబరు 14న మౌలానా ముహమ్మద్ అలీని అరెస్టు చేసినది మన వాల్తేరు స్టేషనులోనే. పక్కన గాంధీగారు ఉన్నారు. ఎనిమిది రోజుల తర్వాత, 22వ తేదీన మదురైలో గాంధీగారు మిగతా దుస్తులు విడిచి కొల్లాయి కట్టారు. మన జాతి చరిత్రలో ఆ వారం ఉన్నది. పాఠ్యపుస్తకంలో రెండు సంగతులూ రెండు పాఠాల్లో ఉంటాయి, పిల్లలు కలిపి చదవరు.

ఇక ఇప్పటి సంగతి. బజారులో పోచంపల్లి అని చెప్పి మిల్లు బట్ట మీద అచ్చు వేసినది అమ్ముతున్నారు. ముడి లేదు, మగ్గం లేదు, పేరు మాత్రం ఉన్నది. మన ఇమాము అబూ హనీఫాగారు కూఫాలో బట్టల వర్తకులు. లోపం ఉన్న గుడ్డ ఒకటి చూపి, అమ్మేటప్పుడు ఆ లోపం చెప్పమని భాగస్వామికి చెప్పారు. అతడు మరిచి అమ్మేశాడు. కొన్నవాడు దొరకలేదు. ఆ డబ్బంతా ఇమాముగారు దానం చేసేశారని ప్రసిద్ధి. మనలో బట్టల వ్యాపారం చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మగ్గం బట్టను మగ్గం బట్ట అనీ, మిల్లు బట్టను మిల్లు బట్ట అనీ చెప్పి అమ్మితే చాలును. కొనేవాళ్లు కూడా 2006 నుంచి ఉన్న చేనేత గుర్తు చూసి అడగాలి. తిరగేసి చూడండి. పోగులో రంగు ఉంటే రెండు వైపులా పువ్వు ఒకేలాగా కనిపిస్తుంది. అచ్చు బట్ట అయితే వెనుక వెలవెలబోతుంది.

చివరగా మన సంఘానికి కొన్ని మనవులు. ప్రతి రంజానుకు మనం బీదలకు లుంగీలు, చీరలు పంచుతాము. మూటలు మూటలుగా మర మగ్గం సరుకు వస్తుంది. ఈ మాట మొన్న కార్యవర్గంలో అంటే కోశాధికారిగారు సూటిగా అడిగారు: "మాస్టారూ, ఒక చేనేత లుంగీ డబ్బుతో రెండు లుంగీలు వస్తాయి. ఎవరికి లేదని చెప్పమంటారు?" న్యాయమైన ప్రశ్న. బట్ట లేనివాడి ముందు నిలబడి సంస్కృతి గురించి ఉపన్యాసం చెప్పడం మాకు చేతకాదు. అందుచేత అన్నీ మార్చమని అనడం లేదు. పంచేవాటిలో ఒక్కటీ తగ్గించవద్దు. స్తోమత గలవాళ్లం మన ఇంటి పండుగ బట్టల్లో ఒక్కటి మగ్గానిది కొందాము. సంఘం తరఫున నేతగాడి ఇంటికే వెళ్లి, బేరం చేయకుండా కొందాము. అది అతనికి కూలి, భిక్ష కాదు.

రెండవది, సంఘం చేయించే సామూహిక నికాహ్‌లలో పెళ్లికూతురికి ఇచ్చే బట్టల్లో ఒకటి చేనేతది ఉండాలి. ఖర్చు ఎక్కువైతే ఆ ఒక్కదానికి మా జీతంలోనుంచి మొదటి చందా రాసుకోండి.

మూడవది, మీ ఇళ్లలో పాత పెట్టెలు తెరవండి. ఏ బట్ట ఎవరిది, ఎవరు నేశారు, ఎవరు కట్టారు, నాలుగు వాక్యాలు రాసి ఇవ్వండి. వచ్చే సంవత్సరం సంచికలో వేద్దాము. రాయడం రానివాళ్ల దగ్గరకు మా విద్యార్థులు వస్తారు, మీరు చెప్పండి, వాళ్లు రాస్తారు. వాళ్లకూ చేతిరాత బాగుపడుతుంది.

నాలుగవది, ఖర్చు లేనిది, అన్నిటికంటే కష్టమైనది. ఆ 'పింజారి' అనే మాటను తిట్టుగా మన ఇళ్లలో వాడవద్దు. మన పిల్లల నోట వింటే ఊరుకోవద్దు. సంబంధాలు చూసేటప్పుడు వంశం అడిగే ముందు, మనం తల పెట్టి పడుకునే దిండులో దూది ఎవరు ఏకారో ఒక్కసారి తలుచుకోండి.

మొన్న సోమవారం మా ఆరవ తరగతిలో మేము ఈ రుమాలు తీసి బల్ల మీద పరిచాము. మా తాత పని చెప్పాము. తరగతి నిశ్శబ్దంగా విన్నది. ఆ పిల్లవాడు లేచి, "సార్, మీ తాతకు విల్లు ఉండేదా? మాకు మిషను ఉంది" అన్నాడు. ఉండేదని చెప్పాము. కూర్చున్నాడు. ఆ రోజు జుట్టులో దూది ఉన్నా ఏరుకోలేదు.

మాటల్లో పొరపాటు ఉంటే మన్నించండి. మన చేతులకు హలాల్ పనిని, మన నోటికి మంచి మాటను అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్. 

ఖుదా హాఫిజ్.